మదనపల్లెలో కాసే టమోటా మా మిద్దె మీద కాయదేం?

పెరటి సాగు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఏప్రిల్ వచ్చిందంటే మా టమోటా మొక్కల పూత పిందె కట్టకుండా కాడతో సహా రాలిపోతోంది. మదనపల్లెలో ఎండాకాలంలోనూ లారీలకు లారీలు కాస్తుంది కదా, మాకెందుకు కాయదు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 690 మీటర్ల ఎత్తున ఉంది. తిరుపతి 160 దగ్గర. ఆ ఎత్తు వల్లే అక్కడ రాత్రిళ్లు చల్లబడతాయి. టమోటాకు పగటి ఎండతో పాటు రాత్రి ఉక్క కూడా చేటే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 కిందికి దిగకపోతే పుప్పొడి చచ్చుబడుతుంది. పువ్వు ఎంత నిండుగా కనిపించినా పిందె నిలవదు. పైగా మీ మిద్దె స్లాబు పగలంతా కాగి, పొద్దుపోయేదాకా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. ఎరువు చాల్లేదేమోనని యూరియా వేస్తారు చాలామంది. ఆకు గుబురుగా వస్తుంది, పూత ఇంకా రాలుతుంది.

మొక్కల సంచులను స్లాబుకు ఆనించకుండా కింద రెండేసి ఇటుకలు పెట్టండి. 50 శాతం నీడవల ఏడడుగుల ఎత్తున కట్టి, పడమటి వైపు కూడా కిందికి దించండి. మధ్యాహ్నం మూడింటి ఎండ ఆ పక్కనుంచే కొడుతుంది. మట్టి మీద రెండంగుళాల మందాన చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు పరవండి. పొద్దున ఆరు గంటలకు అడుగు రంధ్రాల నుంచి కారేదాకా నీళ్లు పోయాలి. సాయంత్రం వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే మళ్లీ పోయాలి. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే ఉన్న కాయల అడుగున తోలులాంటి నల్లమచ్చ వస్తుంది. అది తెగులు కాదు. నీళ్ల హెచ్చుతగ్గుల వల్ల కాయకు కాల్షియం అందకపోవడం. అప్పటికప్పుడు గుడ్డుపెంకులు చల్లినా లాభం లేదు, అవి కరగడానికి నెలలు పడుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో టమోటా పూత కోసం తంటాలు పడటం దండగ. మొక్కను అడుగున్నర ఎత్తుకు కత్తిరించి బతికించుకోండి, లేదా తీసేసి బెండ, మటిక్కాయ (గోరుచిక్కుడు), తోటకూర వేసుకోండి. జూన్ చివర్లో కొత్త నారు పోస్తే 25 రోజులకు నాటుకోవచ్చు.

ప్రశ్న: అక్టోబరులో పోసిన వంగ నారు మొలిచిన వారానికే మొదట్లో నులిమినట్టయి వాలిపోతోంది.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: నారుకుళ్లు. మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. విత్తనం ఒత్తుగా చల్లి, వానలో వదిలేస్తే శిలీంధ్రానికి పండగే. పడిపోయిన మొక్కలను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. మిగిలినవాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. ఈసారి కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు సమానంగా కలిపి, కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా (కుళ్లును అణిచే మేలు శిలీంధ్రం పొడి) పట్టించి, విత్తనానికీ విత్తనానికీ అంగుళం దూరం ఉంచండి. ట్రేను వెలుతురు వచ్చి వాన పడని సన్‌షేడు కింద పెట్టండి. పైమట్టి రంగు మారాకే నీళ్లు. పెద్ద మొక్కల కుండీల కింద పళ్లేలుంటే ఈ మూడు నెలలూ తీసేయండి.

ప్రశ్న: సొరపిందెలు వేలెడంత కాగానే పసుపెక్కి రాలుతున్నాయి.
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: పిందె మీద సూదిపోటు గుర్తుంటే పండుఈగ పని, వాటిని ఏరి పారేయండి. గుర్తు లేకపోతే పరాగం అందలేదు. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళ తేనెటీగలు తిరగవు. వెనక పిందె లేని మగపువ్వును కోసి, రెక్కలు తుంచి, పిందె ఉన్న పువ్వు నడిమధ్య మెల్లగా అద్దండి. ఒక్క మగపువ్వు రెండు మూడింటికి సరిపోతుంది. కాకరకైతే ఇదే పని పొద్దున్నే.

ప్రశ్న: ఫిబ్రవరిలో వేసిన అనప తీగ మేడంతా పాకింది, ఒక్క పువ్వు లేదు.
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: (కోస్తా పాఠకులు సొరకాయ అనుకోకండి, ఇది పితికిపప్పు చేసుకునే అనప.) మన నాటు తీగరకాలు పగలు కురచైతేనే పూస్తాయి. తీగను కత్తిరించి ఎరువు ఆపేయండి, లేదంటే జులై, ఆగస్టుల్లో మళ్లీ విత్తుకోండి. చలి మొదలయ్యాక పూత, సంక్రాంతి నాటికి కాయ.