సిజేరియన్ తర్వాత కూర్చుంటే తలనొప్పి: వెన్నులో ఇచ్చిన మత్తు వల్లేనా?

సిజేరియన్ అయిన రెండో రోజు నుంచి మీ చెల్లెలికి లేచి కూర్చుంటే తల పగిలిపోతోందనీ, పడుకుంటే తగ్గుతోందనీ రాశారు. ఈ రెండు మాటల్లోనే సగం జవాబు ఉంది. వెన్నులో మత్తిచ్చిన ఐదు రోజుల్లోపు మొదలై, లేస్తే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి చాలావరకు సూది పడిన చోటు నుంచి వచ్చేదే. మెడ పట్టేయడం, చెవుల్లో హోరు, వెలుతురు చూడలేకపోవడం కూడా దీనితో ఉండొచ్చు.

కారణం మందు కాదు, కన్నం. నడుము పూసల్లో మూడో, నాలుగో పూసల మధ్యో, ఇంకాస్త కిందో సూది దింపి, వెన్నుద్రవాన్ని పట్టి ఉంచే పొరను దాటించి 2 మి.లీ. అటూ ఇటూగా బూపివకెయిన్ అనే మత్తుమందు ఎక్కిస్తారు. సూది తీశాక ఆ కన్నంలోంచి ద్రవం కారుతూ ఉంటే, నిలువుగా కూర్చున్నప్పుడు మెదడుకు ఆసరా తగ్గి కిందికి జారినట్టవుతుంది, రక్తనాళాలు ఉబ్బుతాయి. 1898లో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ తన వెన్నులోనే సూది వేయించుకున్నాడు. సిరంజి సరిగ్గా అమరక మందు బయటికే కారిపోయింది, మత్తు ఎక్కలేదు. తలనొప్పి మాత్రం వచ్చింది.

సూది ఎంత లావు, మొన ఎలాంటిది అన్నదే ఇక్కడ కీలకం. కోసే మొన ఉన్న సూది కంటే పెన్సిల్ మొన సూదితో ఈ నొప్పి చాలా తక్కువ. 25 లేదా 27 గేజ్ వాడాలి (గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం). ఎపిడ్యూరల్ (పొర దాటకుండా, దాని బయట ఇచ్చే మత్తు) కోసం వాడే లావైన 16, 18 గేజ్ సూది పొరపాటున పొరను చీల్చిందంటే తలనొప్పి రావడానికే అవకాశం ఎక్కువ.

చాలాచోట్ల 24 గంటలు దిండు లేకుండా వెల్లకిలా పడుకోమంటారు. దానివల్ల ఈ తలనొప్పి ఆగదు. పైగా బాలింత కదలకుండా ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నొప్పి ఉన్నప్పుడు హాయి కోసం పడుకోండి, అంతే. కొన్ని ఇళ్లలో బాలింతకు నీళ్లు తగ్గించి ఇస్తారు, దయచేసి అది మానేయండి. దాహానికి తగినన్ని తాగాలి. పారాసిటమాల్ 1 గ్రా. ఆరు గంటలకోసారి, రోజుకు 4 గ్రాములకు మించకుండా. 50 కిలోల లోపు బరువుంటే డాక్టర్ని అడిగి తగ్గించాలి. కాఫీ కొంత ఉపశమనం ఇస్తుంది, కానీ పాలిచ్చే తల్లికి కెఫీన్ మొత్తం రోజుకు 300 మి.గ్రా. దాటకూడదు.

ఎక్కువమందికి వారం, రెండు వారాల్లో తగ్గిపోతుంది. బిడ్డను ఎత్తుకోలేనంత తీవ్రంగా ఉంటే ఓర్చుకుని కూర్చోకండి, మత్తు డాక్టర్ని కలిసి బ్లడ్ ప్యాచ్ గురించి అడగండి. చేతి నరం నుంచి ఆమె రక్తాన్నే 15–20 మి.లీ. శుభ్రంగా తీసి, సూది పడిన చోటికి దగ్గరలో పొర బయట ఎక్కిస్తారు. అది గడ్డకట్టి కన్నాన్ని మూస్తుంది. ఎక్కిస్తుండగా నడుములో ఒత్తిడి బాగా పెరిగితే అక్కడితో ఆపేస్తారు. జ్వరం ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా చేయరు.

అయితే నొప్పి తీరు మారితే అది వేరే జబ్బు కావొచ్చు. పడుకున్నా తగ్గకపోవడం, ఫిట్స్, జ్వరం, చూపు మసకబారడం, మాట తడబడటం, బీపీ పెరగడం, కాళ్లు బలహీనపడటం, మూత్రం రాకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బాలింతల్లో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం నిజంగా జరుగుతుంది, దాన్ని 'సూది తలనొప్పే' అని వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది.

నడుము సంగతి: సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండటం మామూలే. జీవితాంతం ఉండే నడుము నొప్పికి ఈ మత్తుతో సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. గర్భంలో కీళ్లు వదులవడం, పెరిగిన బరువు, వంగి పాలివ్వడం ఇందుకు ఎక్కువ కారణాలు. పాలిచ్చేటప్పుడు వీపుకు ఆసరా పెట్టి, బిడ్డ కింద దిండు వేసి రొమ్ము ఎత్తుకు తీసుకురావాలి.

డిశ్చార్జ్ కాగితంలో సూది గేజ్, ఈ తలనొప్పి సంగతి రాయించుకోండి. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరుకు అది ముందే తెలియాలి.