బొమ్మలు, ఇళ్లు, ఫర్నిచర్: ఆర్కిటెక్ట్ ఈ మూడూ చేయొచ్చా?

ఎంపీసీ చదువుతున్న మీ అమ్మాయికి బొమ్మలు గీయడమంటే ప్రాణమని, ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌లో చేరిస్తే బొమ్మలు, ఇళ్లు, ఫర్నిచర్ డిజైన్ మూడూ చేసుకోగలదా, ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుందా అని అడిగారు. నేను హనుమకొండలో చాలా ఏళ్లుగా ఆర్కిటెక్ట్‌గా పనిచేస్తున్నాను. మూడూ చేయొచ్చు, నేను చేస్తున్నాను. కాకపోతే ఇంటి ఖర్చులు ఇళ్ల పని మీదే నడుస్తాయి. మిగతా రెండూ దాని పక్కన మెల్లగా పెరుగుతాయి. ఈ సంగతి ముందే తెలిస్తే మంచిది.

చిన్నప్పుడు సెలవు రోజుల్లో వేయిస్తంభాల గుడిలో కూర్చుని బొమ్మలు గీసేవాణ్ని. షేడింగ్ బాగా వచ్చేది. ఆ ధైర్యంతోనే బీఆర్క్‌లో చేరాను. మొదటి ఏడాదే ఒక మేడమ్ నా బొమ్మ చూసి, "బాగుంది. ఈ స్తంభం ఎత్తెంత?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అంతకాలం నేను చూసింది వెలుగునీడల్నే. పైకప్పు బరువు ఎటు నుంచి ఎటు దిగుతోందో ఒక్కసారీ ఆలోచించలేదు.

తర్వాత రామప్పకు వెళ్తే అంతకుముందు ఎన్నోసార్లు చూసిన గుడే వేరేలా కనిపించింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. కట్టడం చాలావరకు ఎర్రని ఇసుకరాయి. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, మాత్రం నల్లరాయి. గట్టి రాయికే అంత సన్నని చెక్కడం, అంత నునుపు వస్తాయి. పైన శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు, కింద పునాదిలో ఇసుక. ఎక్కడ ఏ గుణం కావాలో అక్కడ ఆ సరుకు వాడారు. మదనిక శిల్పమా, కట్టడంలో భాగమా అని విడదీసి చూడబోయాను. కుదరలేదు.

చదువయ్యాక హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో మూడేళ్లు చేశాను. బాత్రూమ్ డ్రాయింగులు, తలుపులు, కిటికీల లెక్కలు. జీతం ఒక్కోసారి రెండు నెలలు ఆగేది. ఆ టెన్షన్‌లో కుంచె పట్టుకోవడమే మానేశాను. డ్రాయింగులు నాకు తర్వాత చాలా పనికొచ్చాయి. బొమ్మలు మానేసినందుకే ఇప్పటికీ బాధ.

ఊరికి తిరిగొచ్చాక ఒక ఇంటి హాలుకు జంపఖానా కూడా నేనే డిజైన్ చేస్తానన్నాను. చెరువు అలల్లాంటి వంపులు కంప్యూటర్‌లో గీసి, ప్రింటు తీసి, కొత్తవాడలో మగ్గం నేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాసేపు చూసి, గళ్ల కాగితం తెమ్మన్నాడు. పెన్సిల్‌తో ఒక్కో గడి నింపుతూ, "సారూ, మగ్గం మీద వంపు రాదు. మెట్లు మెట్లుగ పోతది. మెట్టు చిన్నగ పెడితే దూరంకెళ్లి గుండ్రంగ కనబడ్తది" అన్నాడు. పడుగు దారాలు నిలువు, పేక దారాలు అడ్డం. ఏ బొమ్మయినా ఈ రెండిటి మధ్యే పుట్టాలి. చీకటి పడేలోపు నా అలను ఆయన ఏడు మెట్లకు తెచ్చాడు. నేను గీసినదానికంటే అదే బాగుంది.

రెండేళ్ల తర్వాత ఇంకో ఇంట్లో పడమటి ఎండ ఆపడానికి ఖాళీలు వదిలి కట్టే ఇటుక జాలీ గోడ కట్టాల్సి వచ్చింది. ఇటుకకూ వంపు రాదు కదా! ఆ గళ్ల కాగితమే బయటికి తీశాను. అవే ఏడు మెట్లు గోడలో ఖాళీలుగా వదిలాం. మేస్త్రీకి నా డ్రాయింగు కంటే జంపఖానా ఫోటోనే తొందరగా అర్థమైంది. సాయంత్రం నాలుగు దాటాక ఆ అల వెలుగై హాలు నేల మీద పడుతుంది. నేను వేసిన బొమ్మలన్నిట్లో నాకు ఎక్కువ ఇష్టమైంది అదే.

పేరున్నవాళ్లలోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు. చండీగఢ్‌ను రూపుదిద్దిన లె కార్బూజియే పొద్దున బొమ్మలు వేసుకుని మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లేవాడు. తోటివాళ్లతో కలిసి కుర్చీలూ డిజైన్ చేశాడు. చిత్రకారుడు సతీశ్ గుజ్రాల్ ఆర్కిటెక్చర్ డిగ్రీ లేకుండానే ఢిల్లీలో బెల్జియం ఎంబసీ డిజైన్ చేశారు. ఆయన్ని చూసి డిగ్రీ అక్కర్లేదని మాత్రం అనుకోకండి. 1972 నాటి చట్టం ప్రకారం, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ కానివాళ్లు ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు.

బీఆర్క్ 5 ఏళ్లు. ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి, ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా గానీ, జేఈఈ మెయిన్ పేపర్-2 గానీ రాయాలి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ రెండూ ఉన్నాయి. వీలైతే ఒకసారి తీసుకెళ్లి రెండు చోట్లా విద్యార్థుల పని చూపించండి.

అంతకంటే ముందు, రద్దీ లేని రోజు చూసి అమ్మాయిని రామప్పకు తీసుకెళ్లండి. ఫోన్ మీరే పట్టుకోండి, తనకు నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వండి. మండపం చుట్టూ అడుగులు లెక్కపెట్టి, ఒక్క స్తంభం మాత్రం కొలతల అంచనాతో గీయమనండి. అది అయ్యాక తనంతట తానే రెండో స్తంభం దగ్గరికి నడిస్తే, నాటా ఫీజు కట్టేయండి.