ఎన్5 (జపనీస్ పరీక్షలో అన్నిటికంటే కింది స్థాయి) జపనీస్‌తో జపాన్‌లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నాను, ఆఫీసులో మాట్లాడాలా, ఇంగ్లీషుతో సరిపెట్టుకోవాలా?

తప్పకుండా మాట్లాడండి. నేనూ ఎన్5తోనే నగోయా దగ్గర ఒక విడిభాగాల కంపెనీలో రెండు నెలలు ఇంటర్న్‌గా ఉన్నాను.

మొదటి వారం ఏం చెప్పినా 'హై, హై' అనేదాన్ని. మనం కథ వింటూ ఊఁ కొడతాం కదా, అక్కడ మాట మధ్యలో 'హై' అలాంటిదే: వింటున్నాను అని. కానీ చివర్లో 'వకరిమషిత' అన్నామంటే అర్థమైందనే లెక్క. నేను అర్థం కాకపోయినా అనేశాను.

కొలతల పట్టిక 'యొక్క'కి కావాలన్నారు మా సూపర్‌వైజర్. నాకు 'యోక' అని వినబడింది. యొక్క అంటే నాలుగో తారీఖు, యోక అంటే ఎనిమిదో తారీఖు. నాలుగున పొద్దున్నే అడిగితే నా దగ్గర సగం కూడా లేదు. ఆయన కోప్పడలేదు, సాయంత్రం దాకా పక్కన కూర్చుని పూర్తి చేయించారు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదేమో.

ఆ రోజు నుంచి విన్న తారీఖు తిరిగి చెప్పడం మొదలుపెట్టాను. 'యొక్క దెస్ నె?' అని అడుగుతూ క్యాలెండర్ మీద వేలు పెట్టేదాన్ని. ఎవరూ విసుక్కోలేదు. కొన్నాళ్ళకు వాళ్ళే అంకె కాగితం మీద రాసి ఇచ్చేవారు.

'హోరెన్‌సో' అన్న మాట అక్కడ తరచూ వింటారు. చేసింది చెప్పడం, సమాచారం అందించడం, సలహా అడగడం, ఈ మూడూ కలిపి ఆ మాట. పనంతా అయ్యాక చూపిద్దాం అనుకోవడం మనకు అలవాటు. నేను రెండో తారీఖునే 'ఇంతవరకు అయింది' అని చెప్పి ఉంటే ఆ పొరపాటు అప్పుడే బయటపడేది.

భాష గురించి మాత్రం టెన్షన్ వద్దు. 'అషిత కురు తొ ఇఇమషిత' అంటే 'రేపు వస్తాను అని అన్నారు'. ఏ మాట ఎక్కడ ఉందో చూడండి, 'అని'తో సహా మన వరసే! ఇంగ్లీషు మీదుగా వెళ్ళి ఆలోచిస్తే తలకిందులవుతుంది. జపనీస్ అక్షరాలు (హిరగాన) వేగంగా రాయలేకపోతే కొత్త మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కాకుండా తెలుగులో రాసుకోండి. ఒత్తు, దీర్ఘం కళ్ళకు కనబడతాయి, యొక్క, యోక లాంటివి కలిసిపోవు.

వెళ్ళేలోపు ఒకటి నుంచి పది వరకు తారీఖుల పేర్లు నోటికి రావాలి: త్సుఇతచి, ఫుత్సుక, మిక్క, యొక్క, ఇత్సుక... ఇరవయ్యో తారీఖు 'హత్సుక' కూడా. ఇవి మామూలు అంకెల్లా ఉండవు.