పిల్లలకు నిజం చెప్పు, రమణా

చిరంజీవి రమణకు మేనత్త ఆశీస్సులు.

సుజాతకు మళ్లీ డిప్రెషన్ వచ్చిందని, డాక్టర్ మందులు మార్చారని చెప్పావు. మందుల సంగతి ఆయన చూసుకుంటారు. నా దిగులంతా పిల్లల గురించే.

మొన్న ఆదోని వచ్చినప్పుడు గమనించాను. పెద్దది బడి నుంచి రాగానే, భుజాన సంచి దించకముందే తల్లి ముఖంలోకి చూసింది. వెంటనే తమ్ముడికి అరవద్దని సైగ చేసింది. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ కాపలా ఎందుకు నాయనా? మనం ఏమీ చెప్పకపోతే పిల్లలు తమకు తామే కారణం వెతుక్కుంటారు. మానసిక వార్డులో నర్సుగా చేసినన్నాళ్లూ చూశాను, 'నేను అన్నం తినలేదని అమ్మ ఏడుస్తోంది' అనే పసివాళ్లను.

దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు: 'అమ్మకు జబ్బు చేసింది. ఒంటికి జ్వరం వచ్చినట్టే ఇది మనసుకు వచ్చింది. నీ వల్ల రాలేదు. తగ్గించడం నీ పని కాదు, డాక్టరూ నేనూ చూసుకుంటాం.' సుజాత కాస్త తేరుకున్న పూట ఇదే మాట తనతోనూ చెప్పించు. తల్లి నోట వింటేనే ఆ పిల్లకు నమ్మకం కుదురుతుంది. మళ్లీ మళ్లీ అడుగుతుంది, విసుక్కోకు. ఫలానా రోజుకి తగ్గిపోతుందని మాత్రం మాట ఇవ్వకు.

మాత్రలు అందించే పని పిల్లకు అప్పగించవద్దు. అవి బీరువాలో పెట్టి తాళం వెయ్యి. వదిన కసాపురం వెళ్దామంటోంది కదా, వెళ్లండి, స్వామికి మొక్కుకోండి. అంతమాత్రాన మందులు ఒక్క పూట కూడా ఆపకూడదు. గాలి సోకిందనే మాట పిల్లల చెవిన పడనివ్వకండి, భయంతో తల్లి దగ్గరికి పోవడమే మానేస్తారు.

ఒకవేళ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, చిన్నవాడికి ఇంకా మూడేళ్లు నిండలేదు కదా, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రమాదం ఉంటే తప్ప ఆ వయసు బిడ్డను తల్లి నుంచి వేరు చేయకూడదు. చేసినా 15 రోజులకోసారి ఆ నిర్ణయాన్ని మళ్లీ చూడాలి. ఈ సంగతి గుర్తు పెట్టుకుని అడుగు.

చచ్చిపోవాలని ఉందని ఎప్పుడైనా అంటే ఊరికే అంటోందనుకోకు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. అర్ధరాత్రయినా 14416కు ఫోన్ చెయ్యి, అది మనసు బాగోలేని వాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, టెలీ మానస్ అంటారు, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

బడిలో టీచరమ్మకు విషయం చెప్పి ఉంచు. దసరా సెలవులకు పిల్లల్ని కర్నూలు పంపు. అయితే ముందు సుజాతను అడుగు. తను పంపనంటే నేనే వచ్చి నాలుగు రోజులు ఉంటాను.

మీ అత్త