గోంగూర పువ్వు బీరు: మేనల్లుడికి ఓ ఉత్తరం

చి. వాసుకు మామయ్య ఆశీస్సులు.

బావగారి షష్టిపూర్తి సాయంత్రం పార్టీకి నీ చేత్తో బీరు చేసి పోస్తానన్నావు. అదీ మామూలు బీరు కాదు, ఎర్రగా, షాపు రంగు కలపకుండా కావాలన్నావు, ఆ ఎరుపు ఎప్పుడు వెయ్యాలని అడిగావు. మంచిదే. పార్టీ సెప్టెంబరు మొదట్లో కాబట్టి జూలై మూడో వారంలో మొదలుపెట్టు. పులియడానికి రెండు వారాలు, సీసాల్లో గ్యాస్ పట్టడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. మిగిలిన రెండు వారాలూ ఏదైనా తేడా వస్తే సర్దుకోవడానికి ఉంటాయి. ఇందులో తొందర పనికిరాదు.

రంగు ఎక్కడిది అన్నది ముందు తేల్చుకోవాలి. బీట్‌రూట్ అన్నావు, అది వదిలెయ్. దానికుండే మట్టి వాసన బీరులోకి దిగుతుంది, నాలుగు రోజులకి రంగు కూడా గోధుమగా మారుతుంది. శంఖుపుష్పం చూడ్డానికి బాగుంటుంది కానీ బీరు పులుపుకి నీలం నిలవదు, వంగపండు రంగులోకి పోతుంది. పైగా దానికి రుచంటూ ఏమీ లేదు. పసుపు వేస్తే పసుపుపచ్చటి బీరు ఇంకాస్త పచ్చబడుతుంది, అంతకంటే ఒరిగేదేమీ లేదు. నా ఓటు మన గోంగూరకే, అంటే తెలంగాణలో పుంటికూర అనేదానికి. ఆకు కాదు, పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి దళసరి తొడుగు, నేను పువ్వు అనేది దాన్నే. ఆఫ్రికాలో, మెక్సికోలో దాంతో ఎర్రటి షర్బత్ చేస్తారు. అమెరికాలో, మీ కొలంబస్‌లో ఏ మెక్సికన్ షాపుకెళ్లినా 'హమైకా' పేరుతో ఎండబెట్టింది దొరుకుతుంది. ప్యాకెట్ మీద హైబిస్కస్ అని ఉందని మందారం అనుకోకు, ఇది వేరు. రంగుకి రంగు, పులుపుకి పులుపు. మిరపకాయ బజ్జీల పక్కన ఆ పులుపు ఎంత బాగుంటుందో నువ్వే చూస్తావు.

ఇంకో మాట, అక్కయ్యకి ముందే చెప్పు. పొద్దున హోమం, నైవేద్యం ఉన్న ఇల్లు అది. వంటింటి గిన్నెలు ముట్టుకోవద్దు. 20 లీటర్లు పట్టే స్టీలు గిన్నె ఒకటి, మూతా ఎయిర్‌లాకూ (గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వనిది) ఉన్న ప్లాస్టిక్ బకెట్ ఒకటి, అడుగున కుళాయి ఉన్న బకెట్ ఇంకోటి, హైడ్రోమీటర్ (తీపి ఎంత మిగిలిందో చూపేది), సైఫన్ గొట్టం (బీరుని ఒక బకెట్‌లోంచి ఇంకోదాంట్లోకి దించేది) కొనుక్కో, అన్నీ బేస్‌మెంట్‌లోనే పెట్టుకో. బకెట్ ఉండాల్సింది కూడా అక్కడే. జూలై ఎండల్లో పైన గదులు వేడెక్కుతాయి, పులిసేటప్పుడు మనకి 20 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు.

చట్టం గురించి టెన్షన్ పడకు. 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇక్కడ అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడం సక్రమమైంది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పర్లేదు, అమ్మకూడదు అంతే. హైదరాబాద్‌లో మీ బాబాయి నువ్వు పెట్టిన ఫోటో చూసి తనూ చేస్తానంటాడు చూడు. అక్కడ లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరమని ముందే చెప్పు.

ఇక అసలు పని. శుభ్రతే ఇందులో సగం. గిన్నె మరిగేటప్పుడు క్రిములు చస్తాయి. చల్లారాక తగిలే ప్రతిదాన్నీ స్టార్ శాన్ అనే క్రిములు చంపే మందు కలిపిన నీళ్లలో ముంచాలి, గరిటె, గొట్టం, మూత, నీ చేతులు కూడా. 19 లీటర్ల నీళ్లకి 30 మిల్లీలీటర్లు చాలు, మళ్లీ కడగక్కర్లేదు. నురగ కనిపించినా కంగారు పడకు.

మొదటిసారే గింజలు నానబెట్టి రసం తీసే గొడవ పెట్టుకోకు. గోధుమ మాల్ట్ పొడి, అంటే మొలకెత్తించిన గోధుమ గింజల రసం ఎండబెట్టింది, 5 పౌండ్లు కొను. షాపు నుంచి తెచ్చిన స్ప్రింగ్ వాటర్ 10 లీటర్లు మరిగించి, పొయ్యి ఆపి, పొడి వేసి గడ్డలు లేకుండా కలుపు. కుళాయి నీళ్లొద్దు, అందులోని క్లోరిన్ బీరుకి మందుల వాసన తెస్తుంది. మళ్లీ వెలిగించాక మాత్రం గిన్నె దగ్గర్నుంచి కదలకు. పాలు పొంగినట్టే పొంగుతుంది, స్టవ్ మీద పడితే అంటుకుపోతుంది. పొంగు తగ్గాక బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వు, హాలర్‌టౌ రకం, 28 గ్రాములు వేసి గంట మరిగించు. అంతకంటే చేదు పెంచొద్దు. గోంగూర పులుపూ హాప్స్ చేదూ కలిస్తే నోరు పీక్కుపోతుంది.

సింక్‌లో ఐసు నింపి గిన్నె అందులో పెట్టి చల్లార్చు. బకెట్‌లో పోసి, చల్లటి స్ప్రింగ్ వాటర్‌తో 18 లీటర్లకి తీసుకురా. హైడ్రోమీటర్ 1.046 దగ్గర చూపించాలి. 20 డిగ్రీలకి దిగాక గట్టిగా గిలకొట్టి బీరుని పులియబెట్టే ఈస్ట్, యూఎస్-05 అనే రకం ప్యాకెట్ ఒకటి చల్లు. మూత పెట్టెయ్. ఆ తర్వాత రోజూ మూత తీసి చూడకు.

బుడగలు ఆగాయి కదా అయిపోయిందనుకోకు. రెండు వారాలయ్యాక హైడ్రోమీటర్ పెట్టి చూడు, 1.010కి అటూ ఇటూ ఉండాలి. మూడు రోజుల తర్వాత మళ్లీ చూడు. అంకె మారకపోతేనే సీసాలు. తీపి మిగిలుండగా మూతలు బిగిస్తే సీసాలు పేలతాయి, ఇది బెదిరింపు కాదు, గాజు పెంకులు గోడలోకి దిగుతాయి.

రంగు ఎప్పుడు వెయ్యాలి అన్నదే నువ్వు అడిగిన ప్రశ్న. సీసాల్లో పోసే రోజునే, అంతకుముందు వద్దు. చాలామంది మరిగేటప్పుడే పువ్వు వేసేస్తారు. గంట ఉడికితే ఆ ఎరుపు కందిపోతుంది, మిగిలిన దాన్ని పులిసేటప్పుడు ఈస్ట్ కొంత తనకి అంటించుకుని అడుక్కి దిగిపోతుంది. చివరికి ఏదో వెలిసిన గులాబీ మిగులుతుంది. అందుకని 75 గ్రాముల ఎండు పువ్వు తీసుకో, లీటరుంబావు నీళ్లు మరిగించి దించి, కాసేపాగి, 80 డిగ్రీల దగ్గర పువ్వు వేసి 20 నిమిషాలు మూతపెట్టు. స్టీలు గిన్నెలోనే సుమా. ఇనుములోనో అల్యూమినియంలోనో గోంగూర వండితే ఏమవుతుందో అక్కయ్యనడుగు. మరిగించిన గుడ్డతో వడకట్టు, పిండకు, పిండితే వగరు వస్తుంది. మూతపెట్టి చల్లారనివ్వు.

దాన్నంతా ఒక్కసారి పోసెయ్యకు. గ్లాసులో 100 మిల్లీలీటర్ల బీరు తీసుకుని, అందులో ఈ కషాయం 5 మిల్లీలీటర్లు కలిపి వెలుతురులో చూడు, రుచి కూడా చూడు. నచ్చితే 18 లీటర్లకి 900 మిల్లీలీటర్లు. పులుపు ఎక్కువైతే 3తో చూడు. లెక్క కుదిరాక, సీసాల్లో గ్యాస్ పట్టడానికి 120 గ్రాముల కార్న్ షుగర్ (మొక్కజొన్న చక్కెర) కాస్త నీళ్లలో మరిగించి చల్లార్చి, కషాయంతో పాటు కుళాయి బకెట్‌లో పోసి, పైనుంచి బీరు సైఫన్ చెయ్యి. చప్పుడు కాకుండా దిగాలి. గాలి కలిస్తే రంగు వెలుస్తుంది, అట్ట వాసన కూడా వస్తుంది.

సీసాలు 50 పైన కావాలి, 12 ఔన్సులవి, గోధుమ రంగువి. రంగు కనపడాలని తెల్ల సీసాలు కొంటావేమో, వద్దు. వెలుతురు తగిలితే హాప్స్ కంపు కొడతాయి, ఎరుపూ వెలుస్తుంది. అందరికీ చూపించాలంటే పార్టీలో గాజు జగ్గుల్లో పొయ్యి. తిప్పితే ఊడే మూతల సీసాలు కూడా పనికిరావు. 21 డిగ్రీల దగ్గర రెండు వారాలు చీకట్లో ఉంచి, పార్టీకి మూడు రోజుల ముందు ఫ్రిజ్‌లో పెట్టు. పోసేటప్పుడు అడుగున వేలెడు వదిలెయ్, అక్కడ ఈస్ట్ పేరుకుంటుంది.

దీంట్లో ఆల్కహాల్ నాలుగున్నర శాతం దాకా ఉంటుంది, కానీ చూస్తే అచ్చం షర్బత్‌లా ఉంటుంది. నాకు భయమల్లా అదే. పిల్లలుంటారు, పెద్దత్తయ్య ఉంటుంది, ఎర్రగా చల్లగా కనిపిస్తే అడక్కుండా తాగేస్తారు. అదే పువ్వుతో బెల్లం వేసి షర్బత్ కూడా చెయ్యి, కానీ బీరు జగ్గుతో ఒకే బల్ల మీద పెట్టొద్దు. బీరు బల్ల దగ్గర పెద్దవాడెవడో ఒకడు నిలబడాలి, వాడే గ్లాసుల్లో పొయ్యాలి. కాగితం అంటిస్తే చాలదు, చీకటి పడ్డాక ఎవరూ చదవరు. మీ చెల్లెలు కడుపుతో ఉంది కాబట్టి తనకి ఈ పువ్వు షర్బత్ కూడా డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు, నిమ్మకాయ నీళ్లు చాలు.

సీసాలకి తొందరపడి డబ్బులు పెట్టకు. నా దగ్గర రెండు పెట్టెలు కడిగినవి ఉన్నాయి, వచ్చే వారాంతం వచ్చి పట్టుకెళ్లు. సీసాలకి మూతలు నొక్కే మిషన్ కూడా ఇస్తాను, దాని పిడి కొంచెం వదులు, గట్టిగా నొక్కాలి.

మీ
మామయ్య