నీ కథ కంటే నీ వాయిస్ మెసేజ్ బావుంది

విజయవాడ,
ఆదివారం సాయంత్రం.

అమ్మాయీ,

నీ కథ చేరింది. ఇడ్లీ తింటుంటే ఫోను టంగుమంది, చూస్తే నువ్వు. కథ పదకొండు ముక్కలుగా వచ్చింది. అందులో ఆరో ముక్క ఏడో ముక్క తర్వాత వచ్చింది. చివర్న 'నిర్మొహమాటంగా చెప్పండి సార్' అన్నావు. మూడు నిమిషాలకి 'చదివారా సార్?' అని ఇంకో మెసేజి. నీలం టిక్కులు పడ్డాయి కదా అని నీ ఆశ. నేనింకా చట్నీ దగ్గరే ఉన్నాను.

నాలుగు రోజులు ఊరుకుని ఇప్పుడు రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదువుకో.

ముందు నీ కథలోంచి ఒక వాక్యం. 'ఆమె తన వణుకుతున్న చేతులతో బీడీల తయారీ ప్రక్రియను నిరంతరాయంగా కొనసాగిస్తూ కుటుంబ పోషణలో కీలక పాత్ర పోషించేది.' ఇది మీ నాయినమ్మ గురించి. కిందటి నెల అదే నాయినమ్మ గురించి నువ్వొక వాయిస్ మెసేజ్ పంపావు, గుర్తుందా? నేను చెరపలేదు. మొన్న మళ్లీ విని ఉన్నదున్నట్టు కాగితం మీద ఎక్కించాను. 'నాయినమ్మ చాట ఒళ్లె పెట్టుకున్నదంటే ఇగ లోకం సోయే ఉండది సార్. కత్తెర సప్పుడొక్కటే ఇనవడ్తది. వెయ్యి అయ్యేదాంక లేవది. ఎవలు పిలిచినా తలకాయ ఎత్తది.'

రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. రెండోదాంట్లో చాట ఉంది, కత్తెర చప్పుడుంది, వెయ్యి లెక్కుంది, తల ఎత్తని ఒక మనిషి ఉంది. 'సోయి' అన్న మాట మా కృష్ణా వైపు వినపడదు. దానికి సాటి మాట నా దగ్గర ఏముందా అని ఒక పూటంతా ఆలోచించాను, దొరకలేదు. మొదటి వాక్యంలో బీడీలు తీసేసి అప్పడాలు పెట్టు, అగరుబత్తీలు పెట్టు. దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. మీ నాయినమ్మ స్థానంలో ఎవరి నాయినమ్మనైనా కూర్చోబెట్టొచ్చు.

ఆ వాక్యం నువ్వు కావాలని రాసింది కాదని నాకు తెలుసు. నీ చేతికి దానంతటదే వచ్చింది. పొద్దున లేస్తే నీ కళ్లబడే తెలుగు ఎలాంటిది? 'మీ లావాదేవీ విజయవంతంగా పూర్తి చేయబడింది' అంటుంది ఒక యాప్. 'మామిడిపండు అధిక విటమిన్లను కలిగి ఉంటుంది' అంటుంది ఒక ఆరోగ్య చిట్కా. ప్రమాదం ఎప్పుడూ జరగదు, 'చోటు చేసుకుంటుంది'. నెటిజన్లు రోజూ ఫిదా అవుతూనే ఉంటారు. ఇందులో చాలామటుకు ఇంగ్లీషులో పుట్టి తెలుగు లిపిలోకి అద్దెకి వచ్చిన సరుకు. ఏ ఇంట్లోనైనా 'అన్నం వండబడింది, రండి' అని పిలుస్తారా? మామిడిపండులో విటమిన్లు ఉంటాయి, అంతే. ఇక ఫోను సంగతి చెప్పక్కర్లేదు. నా ఫోన్లో 'కీలక' అని కొట్టానో లేదో, పైన 'పాత్ర' అని చూపించింది. నువ్వు ఆలోచించే లోపల అదే ఒక మాట అందిస్తుంది. పదిమంది వాడి వాడి అరిగిపోయిన మాటే అందిస్తుంది, దానికి తెలిసింది అదే మరి.

అలాగని ఫోన్లొచ్చి తెలుగు నాశనమైపోయిందని సభల్లో కళ్లు తుడుచుకునే పెద్దమనుషుల్లో నన్ను కలపకు. ఆ ఏడుపు చాలా పాతది. నూరేళ్ల కిందట వాడుక భాషలో రాయాలన్నందుకు గిడుగు రామమూర్తి గారిని భాషను చెరుపుతున్నాడని తిట్టిపోశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. (ఏటా ఆ రోజున నాకు పాతిక మెసేజీలు వస్తాయి. సగం వాటిలో 'తెలుగు బాషా దినోత్సవ శుభాకాంక్షలు' అని ఉంటుంది. మొదటిసారి మా పక్కింటి హెడ్మాస్టరు బాషా గారి పుట్టినరోజేమో అనుకున్నాను.) అయితే గిడుగు వారు వాడుక అన్నది అశ్రద్ధని కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలనే కొండజాతి వాళ్ల భాషను వాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. ఆ భాష మీద ఆయన రాసిన పుస్తకాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1919లో 'తెలుగు' అని సొంతంగా పత్రిక పెట్టి వాదించారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల పుస్తకాలు విప్పి, వాళ్లు నమ్ముకున్న వ్యాకరణం ప్రకారమే వాళ్లెక్కడ తప్పు రాశారో ఏరి ముందు పెట్టారు. 'వాడుక భాషే కదండీ, ఏదోలే' అని మనం ఆయన ముందు అని ఉంటే, ఒక్కొక్క వాక్యం పట్టుకుని ఉతికి ఆరేసేవారు.

కాబట్టి నీ కథలో టెన్షన్, డ్యూటీ, పీఎఫ్ ఉన్నాయని నాకేం బాధ లేదు. మీ నాయినమ్మ పీఎఫ్ అనే అంటుంది, భవిష్య నిధి అనదు. మీ యాసలో సంభాషణలు రాయడం మంచిదే. నాకు ఇబ్బంది ఎక్కడంటే, మీ బాబాయి పాత్ర రెండో ముక్కలో 'అన్న వచ్చిండు' అంటాడు, తొమ్మిదో ముక్కలో 'అన్నయ్య వచ్చాడు' అంటాడు. ఏడు ముక్కల మధ్యలో మనిషి కరీంనగర్ నుంచి గుంటూరు బదిలీ అయిపోయాడు. ఇది నువ్వు చేసిన పనా, కీబోర్డు చూపించిన మాటను నువ్వు నొక్కేసిన పనా?

అక్షరాల సంగతి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. 'తాత కల్లు మూసుకున్నాడు' అని రాశావు. కథలో అది తాత పోయే ఘట్టం. చదివేవాడు తాత కల్లు దుకాణం కట్టేశాడేమో అనుకుంటాడు. ఇంకోచోట 'ఆమె కల్లల్లో నీళ్లు తిరిగాయి'. కల్ల అంటే అబద్ధం. నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నావు, తెలుగు అదే వస్తోంది, వచ్చిందాన్ని చూడకుండా ముందుకు పోతున్నావు. లేఖిని లాంటి పద్ధతుల్లో చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. తొందరలో ఎవరు షిఫ్టు నొక్కుతారు? ఇన్‌స్క్రిప్టు అని ఒక కీబోర్డు ఉంది. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. అందులోనూ ళకి షిఫ్టు నొక్కాల్సిందే, కాకపోతే ఇంగ్లీషు అక్షరాల మీదుగా పోకుండా తెలుగు అక్షరాన్నే కొడతావు. అరవై దాటాక నేర్చుకున్నాను, మూడు వారాలు వేళ్లు తిట్టుకున్నాయి, తర్వాత సర్దుకున్నాయి. మూడు చుక్కల గురించి కూడా అందామనుకున్నాను... నూట పన్నెండు చోట్ల ఉన్నాయి... లెక్కపెట్టాను... ఇలా చదవడం ఎలా ఉందో చూశావుగా.

అసలు సంగతికి వస్తాను.

1979లో నేను ఇక్కడే గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. సీసపు అక్షరాల కాలం. కంపోజిటరు అరల్లోంచి ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క వత్తు ఏరి స్టిక్కు అనే చేతి పట్టీలో పేర్చేవాడు, అదీ తిరగేసి. పేజీలుగా విడగొట్టక ముందే తడి కాగితం మీద పొడుగాటి గాలీ ప్రూఫు తీసి మా బల్ల మీద పడేసేవారు. నాకు పని నేర్పిన పెద్దాయన చివరి పంక్తి నుంచి మొదటి పంక్తికి, కిందనుంచి పైకి చదివేవారు. 'పైనుంచి చదివితే కథ లాక్కుపోతుందిరా, అక్షరం కనపడదు' అనేవారు. అది అయ్యాక మళ్లీ పైనుంచి, ఈసారి గట్టిగా చదివించుకుంటూ. నేను రాతప్రతి చదవాలి, ఆయన ప్రూఫు చూడాలి. మధ్యలో ఆపి 'ఈ రచయిత వీధి పేరు రెండు రకాలుగా రాశాడు, కార్డు ముక్క రాసి అడుగు' అనేవారు. ఇంతా చేస్తే పుస్తకంలో తప్పులు రానే వచ్చేవి. వాటికి ముద్రారాక్షసాలని ముద్దుపేరు. చివరి పేజీలో తప్పొప్పుల పట్టిక వేసేవాళ్లం. ఫలానా పుట, ఫలానా పంక్తి, ఇది తప్పు, ఇది ఒప్పు. అచ్చయిపోయిన తప్పును చెరపలేం గనక, సిగ్గుపడుతూనే ఒప్పుకునేవాళ్లం. ఇప్పుడు ఒక్క వేలితో సరిదిద్దే వీలుంది. దిద్దేవాళ్లే కనపడరు.

నాకు ఎడిటర్లంటే అప్పట్లో మంట. తిరుగు స్టాంపులు పెట్టి పంపిన కథ నాలుగు నెలలకి ఎర్ర సిరా గీతలతో తిరిగొచ్చేది. ఆ నాలుగు నెలల్లో కథ మీద నా మోజు తీరిపోయేది. తిరిగొచ్చినప్పుడు ఎవడో రాసినదాన్ని చూసినట్టు చూసేవాణ్ణి. ఆ గీతల్లో సగం న్యాయమైనవేనని అప్పుడు తెలిసేది. నువ్వు మీ ఊళ్లో రాత్రి పదకొండుకి కథ పూర్తి చేసి పదకొండుంపావుకి లోకానికి వదిలావు. రాయడానికీ వదలడానికీ మధ్య ఉండే ఆ ఎడం నీకు ఎవరూ ఇవ్వలేదు. నీ కథను నీకంటే ముందు చూసి గొణిగే ఆ రెండో మనిషినీ ఇవ్వలేదు. నీ తరం రాతలో నాకు కనిపించే లోటు ఇదొక్కటే. ల, ళలు దాని వెనక వచ్చేవి.

నేను మాత్రం ఏం ఒరగబెట్టానని! రెండేళ్ల కిందట నలభై ఏళ్ల స్నేహితుడు పోయాడు. కబురు అర్ధరాత్రి వచ్చింది. కళ్లజోడు ఎక్కడుందో వెతకలేక, ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పి, వచ్చింది వచ్చినట్టు పోస్టు చేసి పడుకున్నాను. నేను 'కన్ను మూశారు' అన్నాను. ఫోను 'కన్ను వేశారు' అని రాసింది. 'నా ఆప్తమిత్రులు నిన్న రాత్రి కన్ను వేశారు.' తెల్లారేసరికి రెండు వందల పైచిలుకు జనం ఓం శాంతి అన్నారు, దండాలు పెట్టారు, కన్నీటి బొమ్మలు పెట్టారు. అందులో తెలుగు లెక్చరర్లు ఉన్నారు, కవులు ఉన్నారు, నా దగ్గర పాఠాలు విన్నవాళ్లు ఉన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అనలేదు. మధ్యాహ్నం ఆయన కూతురే ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. 'అంకుల్, మీ పోస్టు ఒక్కసారి చూసుకోండి' అంది. అంతే అంది. ఆ పిల్ల ఎదట పడడానికి ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

ఆ రెండు వందల మందీ నా వాక్యం చదవలేదు. ఫోటో చూసి, విషయం పోల్చుకుని, వేలు కదిపి వెళ్లిపోయారు. నీ కథ కింద 'సూపర్ అక్కా' అన్న నలభై మందిలో కూడా తాత కల్లు ఎందుకు మూశాడని ఎవరూ అడగలేదు, చూశావా? వాళ్లను తప్పుపట్టను, అభిమానంతోనే అన్నారు. వాళ్ల మాటను కొలతగా పెట్టుకోకు, అంతవరకే.

ఏం చేయమంటారు సార్ అని అడుగుతావు. కథ అయిపోయాక ఫోను మూసెయ్. వారం ఆగమంటే నువ్వు ఆగవు, నీ వయసులో నేనూ ఆగలేదు. రెండు రాత్రులు ఆగు. తర్వాత జిరాక్సు షాపులో ప్రింటు తీయించు. తెర మీద కనపడని తప్పు కాగితం మీద కనపడుతుంది, ఎందుకో నాకూ తెలీదు, కానీ కనపడుతుంది. మా పెద్దాయనలా ఒకసారి కిందనుంచి పైకి చూడు. ఆ తర్వాత నాయినమ్మ దగ్గర కూర్చుని పైకి చదివి వినిపించు. ఆమెకి అక్షరాలు రావన్నావు, మరీ మంచిది. ఆమె ఎక్కడ 'ఏందే అది?' అంటుందో అక్కడ గీత పెట్టుకో. 'బీడీల తయారీ ప్రక్రియ' దగ్గర తప్పకుండా అంటుంది. నిన్ను మెచ్చుకోని స్నేహితురాలు ఎవరైనా ఉంటే ఆమెకివ్వు. ఆ పనికి నన్ను వాడుకోకు, నాకు మొహమాటం ఎక్కువ, ఈ ఉత్తరం రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

నీకున్న సుఖం ఒకటి మాకు లేదు, అదీ చెప్పాలి. ఒక మాటకి అర్థం చూడాలంటే నేను సైకిలు తొక్కుకుంటూ లైబ్రరీకి పోయి శబ్దరత్నాకరం నిఘంటువు కోసం క్యూలో కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో మాట కొడితే 1852 నాటి బ్రౌను, 1885 నాటి శబ్దరత్నాకరం, ఇంకా అరడజను నిఘంటువులు ఒకేసారి తెరుచుకుంటాయి. అదే ఫోన్లో, నువ్వు బస్సులో కూర్చుని ఉండగా. అలాగే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశాలు ఎక్కడైనా దొరికితే తిరగెయ్. 1962లో వ్యవసాయం మీద, 1971లో చేనేత మీద వచ్చాయి. రైతుల దగ్గరికీ నేతగాళ్ల దగ్గరికీ పోయి, ఏ పనిముట్టును ఏ జిల్లాలో ఏమంటారో అడిగి రాసుకున్న మాటలు. నాగలిలో ఒక్కొక్క ముక్కకి ఎన్ని పేర్లున్నాయో చూస్తే మతిపోతుంది. బీడీల పని ఆ రెంటిలో ఉండదు. దానికి నీ నిఘంటువు ఇంట్లోనే, చాట ముందు కూర్చుని ఉంది.

కథ మళ్లీ రాసి పంపు. ఈసారి ముక్కలుగా వద్దు, ఒక్క ఫైలుగా. తునికాకు కత్తిరించడం రాశావు, తంబాకు పోసి చుట్టడం రాశావు, కొన మడవడం రాశావు. చుట్టిన బీడీకి దారం కడతారు కదా, ఆ దారం ఏ రంగుదో ఎక్కడా లేదు. నాయినమ్మను అడిగి రాయి. ఆమె దారం కట్టేటప్పుడు పళ్లతో తెంపుతుందా, కత్తెరతోనా, అదీ చూడు.

ఆశీస్సులతో,
మీ సార్