పైలట్ల కొరత అంటున్నారు, స్థలం అమ్మి అబ్బాయిని చేర్పించొచ్చా?

అబ్బాయి ఇంటర్ ఎంపీసీ అయిందనీ, ఆనందపురం దగ్గర స్థలం అమ్మి ఫ్లయింగ్ స్కూల్లో వేద్దామనుకుంటున్నారనీ రాశారు. మాదీ వైజాగే, గోపాలపట్నం. మా అమ్మాయి ఇదే దారిలో వెళ్లి ఇప్పుడు ఫస్ట్ ఆఫీసర్‌గా (కెప్టెన్ పక్కన కూర్చునే కో-పైలట్‌గా) చేస్తోంది.

కొరత ఉన్నమాట నిజమే, కానీ కెప్టెన్లకి. 2023లో ఇండిగో 500, ఎయిరిండియా 470 విమానాలు ఆర్డరిచ్చాయి. వాటిలో ఎడమ సీట్లో, అంటే కెప్టెన్ సీట్లో కూర్చోవాలంటే ఏటీపీఎల్ అనే పెద్ద లైసెన్సు ఉండాలి, దానికే 1,500 గంటలు విమానం నడిపిన అనుభవం కావాలి. మీవాడు చదివొచ్చేది 200 గంటల సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు. లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2023 ఒక్క ఏడాదిలోనే అలాంటివి 1,600కి పైగా ఇచ్చింది. పైగా 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ విమాన సంస్థలు ఆగిపోయినప్పుడు అనుభవమున్న పైలట్లంతా వచ్చి ఇదే లైన్లో ముందు నిలబడ్డారు. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు రద్దయినప్పుడు "చూశారా, ఎంత కొరతో" అని మా చుట్టాలు ఫోన్లు చేశారు. పైలట్లకు వారానికోసారి ఇచ్చే విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచిన కొత్త రూల్సుకి సరిపడా మనుషుల్ని సిద్ధం చేసుకోకపోవడం వల్ల వచ్చిన తిప్పలవి. ఫ్రెషర్లను మర్నాడే పిలిచి సీట్లో కూర్చోబెట్టరు కదా!

అసలు టెన్షన్ లైసెన్సు వచ్చాకే మొదలవుతుంది. పిలుపు కోసం ఇంట్లో కూర్చున్నా ఖర్చు ఆగదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత), క్లాస్ వన్ మెడికల్ (పైలట్ ఉద్యోగానికి కావాల్సిన ఆరోగ్య పరీక్ష) ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. మా ఇంటి మీదుగా విమానం దిగినప్పుడల్లా పిల్ల డాబా మీదకెళ్లి ఏ కంపెనీదో చూసొచ్చేది. వీధిలో వాళ్లేమో "ఇంకా ఉద్యోగం రాలేదా?" అనేవారు. ఏ320 టైప్ రేటింగ్‌కి, అంటే ఆ రకం ఎయిర్‌బస్ విమానం నడిపే ప్రత్యేక శిక్షణకి, మళ్లీ లక్షలు పెట్టాల్సొచ్చింది. మొత్తం డబ్బు స్కూలుకే కట్టేసినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

స్కూల్లో చేర్చే ముందు ఎన్ని విమానాలున్నాయని కాదు, ఈ నెల ఎన్ని ఎగిరాయని అడగండి. మా అమ్మాయి చదివినచోట సగం రిపేర్లో ఉండేవి, గంటలు పూర్తవక కోర్సు సాగిపోయింది. ఫీజు ముక్కలుగా, ఎగిరిన గంటలను బట్టి కట్టేలా మాట్లాడుకోండి. ఎయిర్‌లైన్లే ఎంపిక చేసి శిక్షణ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాములూ చూడండి, ఖరీదెక్కువే కానీ ఉద్యోగానికి దారి కాస్త స్పష్టంగా ఉంటుంది.

స్థలం బేరం పెట్టకముందే క్లాస్ టూ (మొదటి దశ ఆరోగ్య పరీక్ష), ఆ తర్వాత క్లాస్ వన్ మెడికల్ చేయించండి. కళ్లద్దాలున్నాయని భయపడక్కర్లేదు, రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే మాత్రం ఇబ్బంది.